‘ఏటీ నేదమ్మా, బానే ఉన్నాను’ అనే మగవాళ్ల చేత అసలు సంగతి ఎలా చెప్పించాలి?

తీరం_సీహెచ్‌వో (వజ్రపుకొత్తూరు వైపు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) అడిగిన ప్రశ్న:

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానంలో విలేజ్ క్లినిక్ నడిపేవాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. 30 దాటిన అందరికీ సీబ్యాక్ ఫారం (అలవాట్లు, జబ్బుల ముప్పు అడిగే ప్రశ్నల పట్టిక) నింపాలి కదా. ఆడవాళ్ల ఫారాల్లో సమాచారం ఉంటుంది. మగవాళ్ల ఫారం చూస్తే పై నుంచి కింద దాకా లేదు, లేదు, లేదు. చొక్కా జేబులోంచి చుట్ట తొంగి చూస్తూనే ఉంటుంది, పొగ అలవాటు మాత్రం ‘లేదు’. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలు నయం, అడిగితే నవ్వి ఒప్పుకుంటారు.

నాకు ఎక్కడెక్కడ అడ్డం తగులుతోందో చెప్తాను. భార్య పక్కన ఉంటే ఆవిడే మాట్లాడుతుంది, ఆయన గోడకేసి చూస్తాడు. ఆవిడ లేకపోతే ఆయన అసలు రాడు. ఆశా కార్యకర్త ఊరి మనిషే, సగం మందికి కోడలి వరస, మిగతావాళ్లకి చెల్లెలి వరస. ఆమె దగ్గర ఒంటికి వెళ్లే ఇబ్బంది గురించి ఎవరు చెప్తారు? క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.6 వచ్చిన మనిషిని నొప్పి బిళ్లలు వేస్తారా అని అడిగితే ‘ఎప్పుడో ఒకటి’ అంటాడు. షుగర్ ఉన్నవాళ్లు ‘నీరసం’ అంటారు, ఆ నీరసం ఏ రకందో నాకు అర్థమవుతుంది గానీ, ఆడమనిషిని, ఎలా ముందుకు వెళ్లాలో తెలీదు.

‘అవగాహన కల్పించండి’ అనే సలహా వద్దు. ఏ మాట వాడాలి, ఏ వరసలో అడగాలి, ఎక్కడ తప్పు జరుగుతుంది, అది చెప్పండి.

జనరల్_మెడిసిన్_సిక్కోలు:

సిస్టర్, ముందు ప్రశ్నని చూడండి. మీ ఫారంలో ఉన్నది ‘రోజూ మద్యం తాగుతారా’ అని. వారానికి మూడు రోజులు హాఫ్ బాటిల్ ఖాళీ చేసే మనిషి ‘లేదు’ అంటే అబద్ధం ఆడినట్టు కూడా కాదు. ఊళ్లో పరువున్న మగమనిషి, పంతులమ్మ లాంటి ఉద్యోగి అడిగితే ‘లేదమ్మా’ అనడమే మర్యాద అనుకుంటాడు. కాబట్టి ‘లేదు’ అని తప్పించుకునే వీలు ప్రశ్నలోనే లేకుండా చెయ్యాలి.

‘తాగుతారా’ అనొద్దు. ‘పని దిగాక ఒళ్లు నొప్పులకి ఎంత పడుతుంది బాబూ, క్వార్టరా, హాఫా?’ అనండి. కొంచెం ఎక్కువే అంచనా వేసి అడగండి. ‘అబ్బే, అంత లేదమ్మా, క్వార్టరే’ అని ఆయనే తగ్గించి చెప్తాడు, తగ్గించుకున్నానన్న తృప్తి ఆయనకి, లెక్క మీకు. తాగని మనిషైతే ‘మా ఇంటా వంటా లేదు’ అని గట్టిగా చెప్తాడు, ఆ గొంతే వేరు. తర్వాత ‘వారంలో ఎన్ని రోజులు’, ‘సంత రోజు ఎంత’ అని రెండు ప్రశ్నలు.

లెక్క ఇలా వేసుకోండి. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు, మామూలు బ్రాందీ, విస్కీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే సుమారు 61 గ్రాముల ఆల్కహాల్, 10 గ్రాములని ఒక డ్రింకుగా లెక్కిస్తే ఆరు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతం అయితే 41 గ్రాములు, అది నాలుగు. ‘ఒక్క క్వార్టరే’ అన్నది ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. కల్లు, నాటుసారాలకి ఈ లెక్క పనికిరాదు, ఘాటు ఊరూరికీ మారుతుంది, గ్లాసులు మాత్రం రాసుకోండి.

కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఇంకో మెలిక ఉంది. ‘మాల వేశానమ్మా, ముట్టను’ అంటాడు. నిజమే చెప్తున్నాడు. మీరు అడగాల్సింది మాల ముందు సంగతి, మాల తీశాక సంగతి. పైగా రోజూ తాగే మనిషి మాల వేసిన పొద్దున్నే ఒక్కసారిగా మానేస్తే మొదటి నాలుగు రోజులు జాగ్రత్త. 6 గంటలు దాటాక వణుకు, చెమటలు, మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి మతి తప్పి లేనివి కనబడతాయి. వార్డులో మేం చూసేదీ ఇదే. హెర్నియా ఆపరేషన్‌కి చేరిన మనిషి ‘అలవాట్లు లేవు’ అని రాయించుకుంటాడు, మూడో రోజు రాత్రి సెలైన్ పీకేసి లేస్తాడు, ఇంట్లోవాళ్లు గాలి సోకింది అంటారు. చేర్చేటప్పుడే తెలిస్తే దానికి వాడే థయమిన్, లోరాజిపామ్ మందులు సిద్ధంగా ఉండేవి. మీరు రిఫరల్ కాగితం మీద ‘రోజుకి క్వార్టర్, చివరిసారి నిన్న రాత్రి’ అని ఒక్క వాక్యం రాస్తే ఆ రాత్రి తప్పుతుంది.

భార్య సంగతి. ఆవిడని బయటికి పొమ్మంటే ఇద్దరికీ అవమానం. బీపీనే సాకు చేసుకోండి, అది అబద్ధం కూడా కాదు. బీపీ చూసే ముందు 5 నిమిషాలు మాటల్లేకుండా, వీపు ఆన్చుకుని, పాదాలు నేల మీద పెట్టి కూర్చోవాలి. ‘లోపల మాటలుంటే నంబరు పెరుగుతుందమ్మా, కాసేపు మీరు బెంచీ మీద కూర్చోండి’ అంటే ఆవిడే లేస్తుంది. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. ఆ తర్వాత నడుము కొలత. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే ఫారంలో మార్కు పడుతుంది కదా, దానికి చొక్కా ఎత్తాలి, తెర చాటుకి వెళ్లాలి. తెర వెనక ఆ రెండు నిమిషాలే మీకు దొరికేది. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడిగితే బిగుసుకుపోతాడు. టేపు చూస్తూ, పనిలో పనిగా అడిగితే నోరు విప్పుతాడు.

అక్కడ అనాల్సిన మాట: ‘షుగరు, బీపీ ఉన్న మగవాళ్లలో చాలామందికి పడక దగ్గర పట్టు తప్పుతుంది. అది జబ్బు వల్లా రావచ్చు, మందు వల్లా రావచ్చు, మార్చుకోవచ్చు. మీకూ ఉంటే నాతో చెప్పినా సరే, మగ డాక్టరుతోనే చెప్తానన్నా సరే.’ జవాబు కోసం ఆగొద్దు, టేపు చుట్టేసుకోండి. ఆ రోజు చెప్పకపోయినా వచ్చే నెల మందులకి వచ్చినప్పుడు చెప్తాడు.

ఈ ప్రశ్నని సిగ్గుపడి వదిలేస్తే నష్టం ఎక్కడంటే, మగవాళ్లు బీపీ మందు చెప్పకుండా మానేసే కారణాల్లో ఇదొకటి. అటెనొలాల్, క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ కొందరిలో ఈ ఇబ్బంది తెస్తాయి. టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్‌లతో తక్కువ. అటెనొలాల్ తనంతట తానే ఒక్కసారిగా ఆపేస్తే గుండె దడ, ఛాతీ నొప్పి తిరగబడతాయి. ఇంకోటి, అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నం, పూడుకుంటే ముందు అక్కడే తెలుస్తుంది. 45 ఏళ్ల షుగర్ పేషెంటు ‘నీరసం’ అన్నాడంటే నాకు ఈసీజీ, లిపిడ్ ప్రొఫైల్ గుర్తొస్తాయి.

నొప్పిని పదిలో ఎంత అని అడగడం దండగ. పదికి రెండు అంటాడు, పేగు బిగుసుకున్న హెర్నియాకి కూడా. పని గురించి అడగండి: ‘కొబ్బరి చెట్టు ఎక్కగలుగుతున్నారా? పోయినేడు ఎన్ని చెట్లు, ఇప్పుడు ఎన్ని? జీడి బస్తా ఎత్తితే ఎక్కడ పట్టేస్తోంది?’ చెట్ల లెక్క సగానికి పడిపోయిందంటే పదికి ఎనిమిది కిందే లెక్క. ‘గ్యాస్’ అని వచ్చి చెమటలు పడుతున్న 40 దాటిన మగమనిషి ఎంత నవ్వుతూ మాట్లాడినా సరే, ఈసీజీ ఉన్నచోటికి 108లో పంపండి. వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తియ్యాలన్నది నియమం. గుండెపోటే అయితే, రక్తం గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నొప్పి మొదలై 12 గంటలు దాటకూడదు. నవ్వుతూ బండి మీదే ఇంటికి పోతానంటే పోనివ్వొద్దు.

మందుల_కొట్టు_విజయనగరం:

డాక్టరు గారు అన్నీ చెప్పేశారు, నొప్పి బిళ్లల సంగతి నేను చెప్తాను. మీ దగ్గర ‘ఎప్పుడో ఒకటి’ అన్న మనిషి మా కౌంటర్లో ‘రెండు షీట్లు ఇవ్వు’ అంటాడు. ఇక్కడ అడిగేవాడూ మగవాడే, బోర్డు మీద జబ్బు పేరూ లేదు, డబ్బిచ్చి కొంటున్నాడు, ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. అందుకే మీ దగ్గర తేలనిది ఇక్కడ తేలుతుంది.

మీరు ‘నొప్పి బిళ్లలు’ అంటే ఆయన లెక్కలోకి కొన్నే వస్తాయి. డైక్లోఫెనాక్ 50 ఒకటి, అసెక్లోఫెనాక్ పారాసిటమాల్ కలిపింది ఇంకోటి, ‘జలుబు బిళ్ల’ అనుకుని వేసుకునే వాటిలో ఐబుప్రోఫెన్ ఉంటుంది, ఆర్‌ఎంపీ వేసే ‘సూది’లో మళ్లీ డైక్లో. సూది ఆయన లెక్కలో బిళ్ల కాదు. విడివిడిగా అడగండి: ‘ఒళ్లు నొప్పులకి కొట్లో ఏ షీటు తెచ్చుకుంటారు? పది బిళ్లల షీటు ఎన్నాళ్లొస్తుంది? సూది నెలలో ఎన్నిసార్లు?’ షీటు ఎన్నాళ్లొస్తుంది అన్న ప్రశ్న బాగా పనిచేస్తుంది. వారం అంటే రోజుకి ఒకటిన్నర పడుతున్నట్టే. మొహమాటపడితే ‘ఖాళీ షీట్లు కవర్లో వేసి తెండి, పారెయ్యకండి’ అనండి. ఖాళీ షీటు తేవడానికి మగవాడికి నామోషీ ఉండదు, నోటితో చెప్పడానికే.

కిడ్నీ నంబరు ఉన్నవాళ్లకి ఒక్కటి గట్టిగా చెప్పండి: ఎండలో తోట పని చేసి, నీళ్లు సరిగా తాగక, ఆ సాయంత్రం డైక్లో పడితే దెబ్బ రెండింతలు. బీపీకి టెల్మిసార్టన్, దానితో నీరు పోయే మాత్ర కూడా వాడుతుంటే ఇంకా ఎక్కువ. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు, మద్యం అలవాటు ఉంటే రోజుకి 2 గ్రాములు దాటకుండా.

పడక మాత్ర అడగడానికి వచ్చేవాళ్లు షాపు ఖాళీ అయ్యేదాకా రోడ్డు అవతల నిలబడతారు. పేరు చెప్పరు, ఫోన్లో ఫొటో చూపిస్తారు. సిల్డెనాఫిల్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. చీటీ ఉన్నా మేం అడిగేది ఒకటే: ‘గుండెకి నాలుక కింద పెట్టుకునే బిళ్ల వాడతారా?’ అది నైట్రేట్ మందు, దానితో కలిస్తే బీపీ కుప్పకూలి మనిషి పడిపోతాడు. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడాలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ తగలకూడదు. ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వెళ్తే సిగ్గుపడి ఇది దాచేస్తారు, అక్కడ వాళ్లు నాలుక కింద బిళ్ల పెట్టేస్తారు. ఎమర్జెన్సీలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మగ పేషెంటుని భార్య లేనప్పుడు ఈ ఒక్క ముక్క అడగండి.

ఫీల్డ్_సూపర్‌వైజర్_భోగాపురం:

మగవాళ్లు చెప్పరని అనుకునే ముందు, మనం వెళ్లే వేళకి వాళ్లు ఇంట్లో ఉంటారా? పొద్దున్న పదికి ఆశా వెళ్తే దొరికేది ఆడవాళ్లు, ముసలివాళ్లు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. కోనాడ, ముక్కాం, మీ వైపు తీరం ఊళ్లన్నిట్లో బోట్లు ఒడ్డున, మగవాళ్లు వలల దగ్గర. క్యాంపు అప్పుడు పెట్టండి, క్లినిక్‌లో కాదు, వలలు బాగుచేసే చోట, సాయంత్రం. చేతిలో పని ఉంటే మాట వస్తుంది. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదికి పోయేవాళ్లకి వెళ్లే ముందే మందులు చేతిలో పెట్టే ఏర్పాటు మీ పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడుకోండి. నెల మందులిచ్చి ‘మళ్లీ రండి’ అంటే ఎక్కణ్ణుంచి వస్తాడు? హైదరాబాద్, చెన్నై వలస వెళ్లినవాళ్లకి సంక్రాంతి వారం తప్ప వేరే రోజు లేదు. జూట్ మిల్లు వాళ్లకయితే షిఫ్టు దిగే టైము.

గుంపులో బీపీ చూస్తే ఒక తలనొప్పి. నంబరు గట్టిగా చదవకండి. ‘160’ అని పక్కవాడు విన్నాడంటే సాయంత్రానికి పేరు పెట్టేస్తారు, మళ్లీ రాడు. చీటీ మీద రాసి మడిచి ఇవ్వండి.

మనసు_మాట_కౌన్సెలర్:

పైన చెప్పినవి పనికొచ్చేవే. కానీ దాపరికమంతా మగాడిదే అన్నట్టు సాగుతోంది చర్చ. బల్లకి ఇవతల మనం ఏం మాట్లాడుతున్నామో కూడా చూడాలి. ‘మగాడివై ఉండి సూదికి భయమా’ అని నర్సు నవ్వుతుంది, డ్రెస్సింగ్ చేసే అబ్బాయి ‘ఆడపిల్లలా ఏంటి’ అంటాడు. ఆ క్షణం నుంచి నొప్పి చెప్పడం ఆయన మానేస్తాడు. టీబీ మందులకి తాగొచ్చాడని గుమ్మంలో తిట్టి పంపితే రేపు తాగకుండా వస్తాడనుకుంటున్నారా? రేపు అసలు రాడు. తాగొచ్చినా మందు ఇవ్వండి, లివర్ పరీక్ష సంగతి మర్నాడు మాట్లాడండి. డాక్టర్లు కూడా మగ పేషెంటుకి ‘నువ్వు’, ఒక్క వాక్యం, చీటీ. ఆడవాళ్లకి ఇచ్చే వివరం కూడా ఇవ్వరు, వీడు వినడులే అని.

‘ఇంటికి పెద్ద దిక్కు నువ్వే, నీకేమైనా అయితే పిల్లలు ఏమైపోతారు’ అనే మంత్రం చాలామంది వాడతారు. పరీక్షకి రప్పించడానికి ఒకసారి పనిచేస్తుంది, కాదనను. ఆ మనిషికే రేపు డయాలసిస్ మొదలై, వారానికి రెండుమూడు రోజులు పలాసలోనో సోంపేటలోనో మంచం మీద గడిపి, తోట పని పోయి, భార్య కూలి మీద ఇల్లు నడిచే రోజొస్తే? దిక్కు నువ్వే అన్న మాటే గుచ్చుకుంటుంది. ఆ మాటకి బదులు ‘ఈ నంబరు ఇక్కడే నిలబెడితే ఇంకా చాలా ఏళ్లు తోట మీరే చూసుకోవచ్చు’ అనండి. అదీ నిలబెట్టే వీలున్న దశలోనే, లేనిపోని ఆశ పెట్టొద్దు.

దిగులు మగవాళ్లలో ఏడుపుగా కాదు, చిరాకుగా, నిద్ర పట్టకపోవడంగా, పెరిగిన తాగుడుగా, నడుం నొప్పిగా వస్తుంది. ‘డిప్రెషన్ ఉందా’ అంటే లేదంటాడు. రెండు ప్రశ్నలు: ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోవట్లేదా? మనసు కుంగిపోయినట్టుంటోందా? ఏ ఒక్కదానికి ‘చాలా రోజులు’ అన్నా మూడోది నేరుగా అడగండి: ‘బతకడం దేనికి అనిపిస్తోందా, చచ్చిపోదామన్న ఆలోచన వచ్చిందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కల్లో 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు, వాటిలో 72 శాతం దాకా మగవాళ్లవే. అవునంటే పురుగుమందు డబ్బా ఇంట్లో ఎక్కడుందో కనుక్కుని, ఆ రోజే వేరే ఇంటికి మార్పించి, మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి మీ ఎదురుగానే ఫోను కలపండి. నంబరు రాసిచ్చి పంపితే ఆ కాగితం చొక్కాతో పాటు నీళ్లలో నానిపోతుంది.

భార్య చెప్పిన సంగతులు వినండి, వాడుకోండి, కానీ ఆయనతో ‘మీ ఆవిడ చెప్పింది’ అనకండి. ఆ రాత్రి దెబ్బలు తినేది ఆవిడ.

తీరం_సీహెచ్‌వో:

అందరికీ నమస్కారాలు. నడుము టేపు సంగతి, షీటు లెక్క రేపట్నుంచే మొదలుపెడతాను. రెండు అనుమానాలు మిగిలాయి. క్రియాటినిన్ 1.6 ఆయనకి 45 ఏళ్లు, కాళ్ల వాపు లేదు, బీపీ 124/80. ‘నాకేటీ నేదు, ల్యాబు తప్పు’ అంటున్నాడు. ఎలా చెప్పాలి? రెండోది, ఈ-సంజీవనిలో (ట్యాబ్ మీద డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ) మగ డాక్టరు దొరికినా మావాళ్లు నోరు విప్పట్లేదు.

జనరల్_మెడిసిన్_సిక్కోలు:

ల్యాబు తప్పంటే వాదించకండి. ‘కావచ్చు, అందుకే మళ్లీ చేద్దాం’ అనండి, పరువు నిలబడుతుంది, మనకి కావలసిందీ అదే. 45 ఏళ్ల మగవాడికి 1.6 అంటే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత లెక్క) దగ్గరదగ్గర 54. 60 కంటే తక్కువ మూడు నెలల పాటు ఉంటేనే దీర్ఘకాల జబ్బు అంటాం. కాబట్టి ఒకట్రెండు వారాల్లో ఒకసారి, మూడు నెలలకి ఒకసారి. పరీక్షకి ముందు రోజు బరువు పని, ఎక్కువ మాంసం, నొప్పి బిళ్ల వద్దు, నీళ్లు మామూలుగా తాగమనండి. మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) పరీక్షకి కూడా పంపండి. ఉద్దానం రకంలో అది తక్కువే కనిపించవచ్చు, వాపూ బీపీ కూడా లేకుండానే నంబరు పెరుగుతుంది. ‘వాపు వస్తే వస్తాను’ అన్నవాళ్లు నాలుగో దశలో వస్తున్నారు. ఆయనకి ఇదే విడమర్చి చెప్పండి: ‘ఒంట్లో ఏమీ తెలియకపోవడమే ఈ జబ్బు పద్ధతి. చెట్టెక్కగలుగుతున్నారు కదా అని కిడ్నీ బాగున్నట్టు కాదు.’ రెండోసారీ అలాగే వస్తే పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి రిఫర్ చెయ్యండి.

‘అర్థమైందా’ అని అడక్కండి, అయిందనే అంటాడు. చదువు రాని సంగతి, కళ్లజోడు లేని సంగతి చెప్పుకోలేకా అంటాడు. ‘నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్లి ఏ బిళ్ల ఎప్పుడు వేసుకుంటారో ఓసారి చూపించండి’ అనండి. బిళ్లలు బల్ల మీద పరిచి ఆయన చేతే తీయించండి.

ఈ-సంజీవని గురించి ఒకటి అడుగుతాను. ట్యాబ్ స్పీకర్ మీద పెడుతున్నారా? అలా పెడితే డాక్టరు అడిగే ప్రతి ప్రశ్నా బెంచీ మీది వాళ్లకి వినిపిస్తుంది. వంద రూపాయల వైరు ఇయర్‌ఫోను ఒకటి కొనండి. కాల్ కలిపి, బీపీ నంబర్లు మీరు చెప్పి, ఇయర్‌ఫోను ఆయన చెవిలో పెట్టి, తెర లాగి బయటికి వచ్చెయ్యండి. అవునూ కాదూ అని చెప్పినా అవతలి డాక్టరుకి సరిపోతుంది, ప్రశ్నలు అలా అడగమని ముందే చాట్‌లో రాసి పెట్టండి.